నేను చెప్పని సారీ

టకానిని, ఆక్లండ్
17 మార్చి 2025

ప్రణీతకు తాత మొగిలయ్య రాస్తున్నది ఏమంటే,

నువ్వు కైమై కొండలు దాటి టౌరంగా చేరావని మీ నాన్న చెప్పాడు. ఫోన్ నా చెవికి కూడా పెట్టాడు. గుయ్‌మన్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. చెవి మిషన్ పెట్టుకుంటే ఫోన్ ఈల వేస్తుంది, తీస్తే మూగబోతుంది. అందుకే కాగితం. నావి రాత్రిబడి అక్షరాలు. నీవి వరంగల్‌లో నాలుగో తరగతి దాకా చదివిన అక్షరాలు. ఇద్దరికీ సరిపోతుంది.

మొన్న శనివారం వీధి సంఘం సభలో నువ్వూ ఉన్నావు. అయినా ఆ సంగతే రాస్తాను, నాకు రాసుకోవాలని ఉంది. డెయిరీ కొట్టు పక్కన పార్కులో ఆ బెంచీ మీద పొద్దున్నే కూర్చునేది ముగ్గురం. బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరైన గుంటూరు వీరరాఘవయ్య గారు, ట్రాక్టర్లు బాగుచేసిన సర్దార్ బల్వంత్ సింగ్, మిర్చి యార్డులో హమాలీ చేసిన నేను. తెలుగు, హిందీ కలిపి కొట్టేస్తాం. సర్దారుకు ఒక చెవి పోయింది, నాకు ఒకటిన్నర పోయింది. గొంతు పెంచక ఏం చేస్తాం? దాన్ని ఎవరో పేరు పెట్టకుండా వీధివాళ్ల ఫేస్‌బుక్‌లో ఎక్కించారు. రోజూ పొద్దున ముసలివాళ్లు కొట్లాడుకుంటున్నారు, బెంచీ తీసేయండి అని. ఆ రోజు మేము మాట్లాడుకున్నది ఇక్కడ వంకాయ ధర గురించి.

సభలో ముందు మన వీధి చివరి మావోరీ పెద్దాయన లేచాడు. తన భాషలో తన కొండ పేరు, తన ఏరు పేరు, తన వాళ్ల పేర్లు చెప్పి చిట్టచివర తన పేరు చెప్పాడని నువ్వే నా చెవిలో అన్నావు. హాల్లో సగం మందికి ఆ భాష రాదు. అయినా ఒక్కరూ కదలలేదు. తమకు రాని భాషను కూడా ఇక్కడ నిలబడి వింటారన్నమాట. నాకు ధైర్యం వచ్చింది.

తర్వాత నేను. నువ్వు పక్కన నిలబడి నా మాటలు ఇంగ్లీషులో చెప్పావు. యార్డులో సేట్ల ముందు మా గుంపు తరఫున మాట్లాడేది నేనే. మొగిలయ్య మాట అంటే బస్తా నోరు కుట్టేసినట్టే అనేవాళ్లు, మళ్లీ విప్పేది ఉండదు. చాలా ఏళ్ల తర్వాత అట్లా నిలబడ్డాను. నువ్వు చెప్పడం అయిపోగానే చప్పట్లు. సంఘం పెద్ద, ఆ గ్రాంట్ అనే ఎర్రటి మనిషి వచ్చి నా చేయి పట్టుకుని ఊపాడు. బెంచీ ఉంటుందన్నాడు.

ఇంటికొచ్చి మీ బాపమ్మకు చెప్తే, "ఆళ్లు చప్పట్లు నీకు కొట్టిండ్రా, పిల్లకు కొట్టిండ్రా?" అంది. కొమురమ్మ సంగతి నీకు తెలుసు, ఒకరు సంతోషంగా ఉంటే చూడలేదు.

నువ్వు బాగా చెప్పావు బిడ్డా. నా మాట ఇంకో భాషలో అంత మందికి చేరిందంటే నాకు గొప్పగా ఉంది. వేళకు తిను.

నీ తాత
మొగిలయ్య

*

టౌరంగా
25 మార్చి 2025

తాతా,

నీ లెటర్ వచ్చింది. చదవడానికి ఒక టీ బ్రేక్ మొత్తం పట్టింది. సారీ, నీ రాత వల్ల కాదు, నా స్పీడ్ అంతే. తెలుగులో రాయడం ఇంకా స్లో. తప్పులుంటే నవ్వుకో, బాపమ్మకు మాత్రం చెప్పకు.

ఇక్కడ కివీ పండ్ల సీజన్ మొదలైంది. ప్యాక్‌హౌస్‌లో నా పని బెల్ట్ మీద వెళ్లే పండ్లను నొక్కి చూడడం, మెత్తబడినవి తీసేయడం, చూసి సంతకం పెట్టడం. రోజంతా నొక్కి నొక్కి ఇంటికొచ్చాక టమాటా పట్టుకున్నా నొక్కుతున్నాను.

బెంచీ ఉంచారు కదా, నాకు చాలా హ్యాపీ. ఒక్క మాట తాతా. పొద్దున పూట మీ ముగ్గురూ కొంచెం మెల్లగా మాట్లాడుకోండి. మళ్లీ ఎవరితోనూ ఏ గొడవా వద్దు. ఊరికే అంటున్నా, ఏమీ అనుకోకు.

అమ్మ మామిడికాయ పచ్చడి పంపింది. అందిందని చెప్పు. నాన్నను డ్రైవింగ్ చేస్తూ ఫోన్ మాట్లాడొద్దని చెప్పు. సారీ, అన్నీ నీకే చెప్తున్నా.

ప్రణీత

*

టకానిని
4 ఏప్రిల్ 2025

ప్రణీతకు,

ఈసారి నీ క్షేమం అడగడం లేదు. ముందు ఇది చదువు.

పోయిన వారం మేము బెంచీ మీద ఉంటే ఒకాయన కుక్కను తిప్పుకుంటూ వచ్చాడు. మమ్మల్ని చూసి నవ్వి, పెదవుల మీద వేలు పెట్టాడు. నేనూ నవ్వాను, ఇక్కడి పలకరింపేమో అనుకుని. రెండు రోజుల తర్వాత పసిపిల్ల బండి తోసుకుంటూ ఒకామె వచ్చి అదే వేలు. ఈసారి నవ్వు లేదు. ఇంకేదో అంది కూడా. "ఏమంటున్నది?" అని వీరరాఘవయ్య గారిని అడిగాను.

"ఏముందండీ, మాటిచ్చారు కదా, గుర్తుందా అంటోంది," అన్నారు.

"ఏం మాట?"

"అదేనండీ, మెల్లగా మాట్లాడుకుంటామని. మీటింగులో మీరు చెప్పిందే కదా."

"నేనెప్పుడు చెప్పిన?"

ఆయన నా వంక చూసి నీళ్లు నమిలారు. పెద్దమనిషి, దాచలేదు. నువ్వు ఇంగ్లీషులో చెప్పినదంతా చెప్పారు. మమ్మల్ని పిలిచినందుకు థాంక్స్ అన్నావట. మా గొంతుల వల్ల ఇబ్బంది కలిగితే సారీ అన్నావట. ఇక మీదట మెల్లగా మాట్లాడుకుంటాం, మాటిస్తున్నాం అన్నావట. "మీ మనవరాలు ఎంత మర్యాదగా చెప్పిందండీ, నేను మీరే అట్లా చెప్పమన్నారనుకున్నాను," అన్నారు.

నేను అన్నది ఇది. మరిచిపోయి ఉంటావు, మళ్లీ రాస్తున్నాను.

"మేం కొట్లాడుకుంటలేం. మా మాటే గట్ల ఉంటది. రాసినోళ్లు ఎవరో నాకు తెల్వదు. మొగాయన అయితే అన్నా, ఆడామె అయితే అమ్మా, నీకు మాతోని కష్టమైతే బెంచి కాడికి వచ్చి ముఖం మీద చెప్పాలె. ముఖం సూపియ్యకుండ రాస్తే మేమేమన్న దొంగలమా? నువ్వడిగితే మేం ఇనకపోదుమా? బెంచి తీస్తే తీయుండ్రి. అడిగి తీయుండ్రి."

ఇందులో సారీ ఎక్కడుంది? మాటివ్వడం ఎక్కడుంది? నేను ఇవ్వని మాట నా పేరు మీద ఇచ్చావు. ఇప్పుడు రోజూ పొద్దున నోరు తెరిస్తే నేను మాట తప్పినవాణ్ణి. సర్దారు హిందీలో జోకు చెప్తే గట్టిగా నవ్వడానికి లేదు. ఎవడో కుక్కను పట్టుకుని వచ్చి నాకు వేలు చూపిస్తాడు. డెబ్బై ఏళ్లు దాటాక నన్ను బడిపిల్లవాణ్ణి చేశావు.

ఆ చప్పట్లు నాకు అనుకున్నాను. మీ బాపమ్మ అడిగిందే నిజమైంది. ఆమెకు ఇంకా చెప్పలేదు.

ఎందుకు చేశావో రాయి. సారీ అని మాత్రం రాయకు.

మొగిలయ్య

*

టౌరంగా
12 ఏప్రిల్ 2025

తాతా,

నీ లెటర్ లంచ్‌లో చదివాను, మళ్లీ ఇంటికొచ్చి చదివాను. సారీ అని రాయొద్దన్నావు. ఆ మాట లేకుండా ఎట్లా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. ఇంతసేపు అదే ఆలోచించాను. నిజం.

నీ మాటలు నేను మరిచిపోలేదు. నువ్వు ఒక్కో ముక్క అంటుంటే ఒక్కో ముక్క ఇంగ్లీషులోకి మార్చాలని చూశాను. "ముఖం మీద చెప్పాలె అమ్మా" అన్నావు. నువ్వు అట్లా అంటే అందులో కోపం ఉంది, ఆమెకు మర్యాదా ఉంది, రా కూర్చో అని కూడా ఉంది. అమ్మా అన్న తర్వాత నువ్వు ఎంత తిట్టినా అది ఇంటి తిట్టే. ఇంగ్లీషులో ఆ అమ్మా పెట్టడానికి చోటు లేదు. ఆ అమ్మా తీసేస్తే తిట్టు ఒక్కటే మిగులుతుంది. అది బెదిరింపులా వినపడుతుంది. ఒక పెద్ద గొంతు ముసలాయన ముఖం చూపించు అని బెదిరిస్తున్నాడు అనుకునేవాళ్లు. బెంచీ ఆ రోజే పోయేది.

ఇంకో సంగతి చెప్తా. మేం ఇక్కడికి వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. స్కూల్లో ఒకమ్మాయి నా పెన్సిల్ తీసుకుంటే, ఇంట్లో తమ్ముడితో అన్నట్టే, "ఇటియ్యి నాది" అని ఇంగ్లీషులో అన్నాను. టీచర్ వచ్చి ఎందుకు కోపంగా ఉన్నావు అని అడిగింది. నాకు కోపమే లేదు. మామూలుగా అడిగాను. ఎంత చెప్పినా వినలేదు. ఆఖరుకు సారీ అన్నాను, అందరూ నవ్వుముఖాలు పెట్టారు. పెన్సిల్ కూడా ఇచ్చేశారు. ఆ రోజు నాకు ఒకటి అర్థమైంది. ఈ భాషలో ముందు సారీ కట్టాలి, తర్వాతే ఏదైనా దొరుకుతుంది. బస్ టికెట్ లాగా.

తాతా, ఇంగ్లీషులో నేను వేరే పిల్లను. మెల్లగా ఉంటాను, నవ్వుతుంటాను. తలుపుకు తగిలినా సారీ అంటాను, నిజంగా తలుపుకే. పోయిన వారం మెత్తటి పండ్ల పెట్టె ఒకటి షిప్పింగ్ దాకా వెళ్లింది. దాని మీద నా సంతకం లేదు. మా సూపర్‌వైజర్ డీన్ నన్ను అడిగాడు. నాది కాదు అనే ముందు నా నోట్లోంచి సారీ వచ్చేసింది. ఇక అది నాదైపోయింది. కాబట్టి ఆ రోజు నీ పక్కన నిలబడింది ఆ ఇంగ్లీషు పిల్ల. తనకు తెలిసిందే చెప్పింది.

నువ్వు అక్కడ మాట్లాడుతుంటే నాకు భయమేసింది. అందుకే మార్చాను. నీ బెంచీ నీకు ఉండాలని. అంతే.

ప్రణీత

*

టకానిని
20 ఏప్రిల్ 2025

ప్రణీతకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు భయం అని రాశావు. అది భయం కాదు, సిగ్గు. తాత నలుగురిలో అరుస్తున్నాడు, మొరటుగా మాట్లాడుతున్నాడు అని సిగ్గు. నేను బస్తాలు మోసినవాణ్ణి, నాకు ఆ మాత్రం తెలుస్తుంది. రేపు నీ పెళ్లికి మీ ఆఫీసువాళ్లు వస్తే నన్ను కారు షెడ్డులో కూర్చోబెడతావా? చెప్పు, ఇప్పుడే చాప తెచ్చిపెట్టుకుంటాను.

ఇంగ్లీషులో అమ్మా పట్టదన్నావు. పట్టకపోతే ఆ భాషలో కోపం వచ్చినప్పుడు మనుషులు ఏం చేస్తారు? కోపమూ ఉంచి మనిషినీ ఉంచుకోవడం ఎట్లా? మనిషిని పోగొట్టుకోవాలి, లేదంటే కోపం మింగాలి. అంతేనా? నాకు నిజంగా తెలియకే అడుగుతున్నాను. వీరరాఘవయ్య గారిని అడిగితే, "అందుకే వాళ్లు వాతావరణం గురించి మాట్లాడుకుంటారండీ," అన్నారు.

ఆయన మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టారు. సర్దారుకు వినపడక, "క్యా? క్యా?" అని అరుస్తున్నాడు. మాటకంటే ఆ క్యా గట్టిగా ఉంది. రెండు రోజులుగా నేను బెంచీకి వెళ్లడం లేదు. ఇవ్వని మాట నిలబెట్టను, నా పేరు మీద ఉన్న మాట తప్పను. మధ్యలో ఇరుక్కుని ఇంట్లో కూర్చున్నాను. మీ అమ్మ నిరుపమ ఒంట్లో బాగాలేదా మామయ్యా అని రోజూ అడుగుతోంది.

మే 17న మళ్లీ సభ ఉంది. అందులో నేను మాట్లాడతాను. నువ్వు రావద్దు. నేను అన్నది అన్నట్టు ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి పంపు. ఒక్క మాట తగ్గించవద్దు, ఒక్కటి కలపవద్దు. రాయలేనంటే చెప్పు, సిగ్గుపడని వాళ్లను ఇంకెవరినైనా చూసుకుంటాను.

మొగిలయ్య

*

టౌరంగా
29 ఏప్రిల్ 2025

తాతా,

ఇప్పుడు నువ్వు చదువు, నేను చెప్తా. మధ్యలో మాట్లాడకు. కాగితం కాబట్టి మాట్లాడలేవు, అదొక్కటే మంచిది.

సిగ్గు అని నేను రాయలేదు. నువ్వే రాసుకుని నువ్వే కోపం తెచ్చుకున్నవు. పెళ్లి, కారు షెడ్డు, చాప! ఎక్కడ్నించి వస్తయి నీకు ఈ మాటలు? నేను భయం అన్నా. ఎందుకు భయం అని ఒక్క లైను అడిగినవా?

అడగలేదు కాబట్టి చెప్తా. నువ్వు నిలబడి చెయ్యి ఊపుకుంట మాట్లాడుతుంటే ముందు వరసల ఇద్దరు ఒకరినొకరు చూసుకుని నవ్విన్రు. ఒకామె బ్యాగు దగ్గరికి లాక్కుంది. నీకు కనపడలేదు, నువ్వు గోడ మీది గడియారం దిక్కు చూసుకుంట మాట్లాడుతున్నవు. నాకు కనపడ్డది. మా తాత యార్డుల అందరి తరఫున మాట్లాడేటోడు అని నాకు తెలుసు, వాళ్లకు తెల్వదు. వాళ్లకు కనపడ్డది ఒక ముసలాయన, ఒక చప్పుడు. నిన్ను చూసి నవ్వితే నాకెట్లుంటదో నువ్వెప్పుడన్న అనుకున్నవా? నిన్ను అట్ల చూసేటోళ్ల నోరు ముయ్యాలె, తొందరగా ముయ్యాలె. నా దగ్గరున్నది ఒకటే మాట. అదే తీసి ఇచ్చిన.

మధ్యల నిలబడుడు ఎట్లుంటదో నీకు తెల్వదు. నీ తిట్టు ముందు నాకే తగులుతది. వాళ్ల నవ్వు గూడ ముందు నాకే తగులుతది. హాస్పిటల్ల, బ్యాంకుల, బాపమ్మ కండ్ల డాక్టర్ దగ్గర, నాకు తొమ్మిదేండ్లున్నప్పటి నుంచి నేనే. ఒక్కరన్న నువ్వేమంటవ్ ప్రణీతా అని అడిగిన్రా? నీ మాట మార్చుడు తప్పే. ఒప్పుకుంటున్నా. కానీ నాకు సిగ్గు అనే మాట వాపస్ తీస్కో.

కాగితం పంపుతున్నా. నాలుగు సార్లు రాసి చింపేసిన. మెత్తగా రాస్తే అది నా మాట అయితది, గట్టిగా రాస్తే నీది కూడా కాని మాట అయితది. ఆఖరుకు అన్నా, అమ్మా రెంటినీ మార్చలేదు. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు మాట ఉంచేసిన. కింద రాసిన: ఆయన తిట్టేటప్పుడు కూడా వదలని మర్యాద ఇది, దీనికి మీ దగ్గర మాట లేదు, అందుకే ఉన్నది ఉన్నట్టు ఉంచాను, చదివేటప్పుడు దాటేయొద్దు అని. ఆ ఒక్క లైను నాది. అది నాది అని దాని పక్కనే నా పేరు రాసిన. మిగతాదంతా నువ్వే.

నమ్మకం లేకపోతే చూపించుకో ఎవరికన్నా.

ప్రణీత

*

టకానిని
21 మే 2025

ప్రణీతా,

నీ కాగితం అందిన రోజే సర్దారు దగ్గరికి తీసుకెళ్లాను. నమ్మకం లేక కాదు. కాదు, అబద్ధమెందుకు, నమ్మకం లేకే. ఆయన ఇంగ్లీషు చదివి హిందీలో చెప్పాడు. హిందీలో విని నేను తెలుగులో సరిచూసుకున్నాను. బస్తా ఒక కాంటా మీద తూచి, ఇంకో కాంటా మీద తూచినట్టు. నేను అన్నదే ఉంది. దొంగలమా అన్న చోట సర్దారు గడ్డం నిమిరి, "పక్కా?" అన్నాడు. పక్కా అన్నాను.

సభలో చదవమని వీరరాఘవయ్య గారిని అడిగాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, తీసి, తుడిచి, మళ్లీ చదివారు. "మొగిలయ్య గారూ, నా వల్ల కాదండీ. నేను ముప్ఫై ఏళ్లు కౌంటర్లో కూర్చుని ఎవరినీ ఇట్లా అనలేదండీ," అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ చదివేవాళ్లు లేరు.

శనివారం వెళ్లాం. సంగతంతా చెప్పేశాను కాబట్టి మీ బాపమ్మ కూడా వచ్చింది, ఎందుకని అడిగితే, "ఈసారి చప్పట్లు ఎవరికో సూస్తా," అంది. చెట్లు కొట్టించడం, పార్కింగ్ గీతలు, అన్నీ అయ్యాక గ్రాంట్ నా వైపు చూశాడు. నేను లేచాను. నువ్వు చెప్పావు కాబట్టి గడియారం వైపు చూడలేదు. మనుషుల ముఖాలు చూస్తూ మాట్లాడాను. అట్లా మాట్లాడడం కష్టం బిడ్డా. ముఖాలు చూస్తే మాట దానంతట అదే నెమ్మదిస్తుంది. అయినా అన్నీ అన్నాను. ఒకతను నవ్వాడు. అతని వైపే చూస్తూ ఆ మాట మళ్లీ అన్నాను. నవ్వు ఆపేశాడు.

తర్వాత కాగితం పైకి ఎత్తాను. ఎవరైనా చదవండి అని వీరరాఘవయ్య గారు ఇంగ్లీషులో అడిగారు. అంతవరకు ఆయన సాయం చేశారు. ఎవరూ కదలలేదు. వెనక వరసలోంచి ఒకామె లేచింది. యాభై ఏళ్లుంటాయి, పొట్టి జుట్టు, నీలం యూనిఫాం మీదే కోటు వేసుకుంది. వచ్చి నా చేతిలోంచి కాగితం తీసుకుంది. ఆమె ఏదో అంటే అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. ఏమన్నదని అడిగాను.

"ఫేస్‌బుక్‌లో రాసింది నేనే, కాబట్టి చదవాల్సింది కూడా నేనే అంటోందండీ," అన్నారు వీరరాఘవయ్య గారు.

ఆమె పేరు లినెట్. పార్కు కంచెకు ఆనుకున్న ఇల్లు ఆమెదే. అద్దాలు పెట్టుకుని పెద్దగా చదివింది. దొంగలమా అన్న చోట ఆగింది, చదివింది. అమ్మా అన్న చోట ఆ మాటను అట్లాగే పలికింది. నువ్వు రాసిన ఆ ఒక్క లైనూ చదివింది. ఇది ప్రణీత మాట అని నీ పేరు కూడా చదివింది. నన్ను తిట్టినవాళ్లు ఉన్నారు, నా తిట్టు నా ముందే తమ నోటితో చదివినవాళ్లను ఇప్పుడే చూశాను.

చదివాక కాగితం మడిచి నా వైపు తిరిగి మాట్లాడింది. వీరరాఘవయ్య గారు, "ఆవిడ దయచేసి ఏమంటున్నారంటే," అని మొదలుపెట్టారు.

"దయచేసి అన్నదా ఆమె?" అన్నాను.

"లేదండీ."

"అయితే మీరు గూడ అనొద్దు. అన్నది అన్నట్టు చెప్పండి."

ఆయన అట్లాగే చెప్పారు. "నేను రాత్రంతా వృద్ధాశ్రమంలో మీ వయసువాళ్లను కడిగి, పక్కలు మార్చి వస్తాను. ఏడింటికి పడుకుంటాను. ఎనిమిదింటికి మీరు ఓడలోంచి సరుకు దించుతున్నట్టు అరుస్తారు. మీ భాష నాకు రాదు. రాని భాష గట్టిగా వినపడితే నాకు అన్నీ తగాదాలే. వచ్చి అడగాలంటే భయపడ్డాను. ముగ్గురు మగవాళ్లు, నేను ఒక్కదాన్ని. రాసినందుకు సారీ చెప్పను. పేరు దాచినందుకు చెప్తాను."

ఆమె ఇంకా నిలబడే ఉంది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇన్ని రోజులకు ఒక మనిషి నా ఎదురుగా నిలబడి, నీ గొంతుతో నాకు నిద్ర లేదు అని చెప్పింది. భయం అంది. ఆ మాట నువ్వూ రాశావు, నేను దాన్ని సిగ్గు అని చదివాను.

"అమ్మా, గీ మాట బెంచి కాడ చెప్తే నాడే అయిపోతుండె. రేపటి సంది పొద్దుగాల మేం రాం. నువ్వు పండుకో. మాపటీలి వస్తం," అన్నాను. వీరరాఘవయ్య గారు ఆ ముక్క పొల్లు పోకుండా చెప్పారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లినెట్ తల ఊపి వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. గ్రాంట్ చెత్తడబ్బాల సంగతికి వెళ్లిపోయాడు.

దారిలో మీ బాపమ్మ అంది: "గదే కద పిల్ల ముందే చెప్పింది, మెల్లగుంటమని. ఆడికే వచ్చినవ్ గదా." అక్కడికే వచ్చాను, నిజమే. కానీ ఈసారి ఆమె అడిగింది, నేను ఇచ్చాను. దీన్ని ఎన్ని రోజులైనా నిలబెడతాను. ఆ తేడా కొమురమ్మకు అర్థం కాలేదు. నీకు అవుతుంది.

ఇప్పుడు సాయంత్రం నాలుగింటికి కూర్చుంటున్నాం. ఎండ కళ్లలోకి కొడుతోంది. సర్దారు గొడవ పెడుతున్నాడు.

ఇక నువ్వు రాసిన సంగతి. సిగ్గు అన్న మాట వెనక్కి తీసుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్లను మధ్యలో నిలబెట్టి మేమందరం నీ నోటితో మాట్లాడాం. నీ మాట ఏమిటని అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు నా పక్కన నిలబడే రోజు మళ్లీ వస్తే, నా మాట నాదిగా చెప్పు, తర్వాత నీ మాట నీదిగా చెప్పు. నా మాటకు అడ్డమైనా సరే చెప్పు. నేను ఆగుతాను. ఆగడం నాకు రాదు, అయినా ఆగుతాను.

నిన్న నీ కోపం ఉత్తరం మీ బాపమ్మకు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. నన్ను తిట్టిన చోట్ల రెండోసారి చదివించుకుంది. అయిపోయాక చాట పక్కన పెట్టి, "ఇన్నేండ్లకు పిల్ల నోరు తెరిసింది. మల్ల సదువు," అంది.

మళ్లీ చదివాను.

నీ తాత
మొగిలయ్య